హిప్పోకాంపస్ సర్క్యూట్ గీద్దాం – మూడో పాఠం: ఎవరు ఎవరిని ఆపుతారు?

పోయిన పాఠంలో గీసిన కాగితం ముందు పెట్టుకోండి. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో ఒక భాగం సీఏ1. అందులో నాలుగు పొరలు గీశాం కదా: పైన ఓరియెన్స్, దాని కింద కణదేహాలు ఒత్తుగా ఉండే పిరమిడల్ పొర, ఆ తర్వాత రేడియాటమ్, అట్టడుగున లాకునోసమ్-మాలిక్యులేర్. మధ్యలో ఒక పిరమిడల్ కణం (ఇక్కడి ముఖ్యమైన ఉత్తేజక న్యూరాన్) ఉంది, దాని పొడవాటి డెండ్రైట్, అంటే సంకేతాలు అందుకునే కొమ్మ, అడుగు పొర దాకా దిగింది. హిప్పోకాంపస్‌లోనే మరో భాగమైన సీఏ3 నుంచి వచ్చే షాఫర్ ఆక్సాన్లను (ఆక్సాన్ అంటే కణం సంకేతం పంపే తీగ) రేడియాటమ్‌లో గీశాం, హిప్పోకాంపస్‌కు సంకేతాలు పంపే ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి నేరుగా వచ్చేవాటిని అడుగు పొరలో. అదంతా నీలం పెన్నుతో చేశాం. ఇవాళ ఎర్ర పెన్ను తీయండి. ఒక్క నియమం: ఉత్తేజపరిచే సంబంధానికి బాణం మొన, ఆపే సంబంధానికి చిన్న అడ్డగీత. ఈ రెండూ కలిసిపోతే పది నిమిషాల తర్వాత మీ బొమ్మ మీకే అర్థం కాదు.

సీఏ1 న్యూరాన్లలో ఈ ఎర్ర కణాలు, అంటే గాబా అనే రసాయనాన్ని విడుదల చేసే నిరోధక ఇంటర్‌న్యూరాన్లు, సుమారు పదింట ఒక వంతే. కానీ రకాలు మాత్రం చాలా ఎక్కువ. 2008లో పరిశోధకులు క్లౌస్‌బెర్గర్, సోమోగీ కనీసం 21 రకాలను లెక్కగట్టారు. ఆ పట్టిక చూసి టెన్షన్ పడకండి, పేర్లు బట్టీ పట్టకండి. ఏ కణం ఎదురైనా రెండే ప్రశ్నలు వేయండి: దీన్ని లేపేది ఎవరు? దీని ఆక్సాన్ ఎక్కడ వాలుతుంది?

మొదట బాస్కెట్ కణం. పిరమిడల్ పొరలోనే ఒక ఎర్ర చుక్క పెట్టి, దాని ఆక్సాన్‌ను పక్కనున్న కణదేహాల చుట్టూ బుట్ట అల్లినట్టు తిప్పండి. ఇలాంటి ఒక్క కణం వెయ్యికి పైగా పిరమిడల్ కణాలను అందుకోగలదు. దీన్ని లేపే దారులు రెండు. షాఫర్ ఆక్సాన్ నుంచి ఒక బాణం, సీఏ1 పిరమిడల్ కణం నుంచి ఇంకో బాణం. మొదటి దారిలో వచ్చేది ముందస్తు నిరోధం, రెండో దారిలో వచ్చేది తిరుగు నిరోధం.

ఇక్కడ కాసేపు ఆగి మొదటి దారిని వేలితో అనుసరించండి. షాఫర్ సంకేతం పిరమిడల్ కణాన్నీ బాస్కెట్ కణాన్నీ ఒకేసారి తడుతుంది, బాస్కెట్ కణం చాలా చురుకైనది కాబట్టి ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే దాని అడ్డు పిరమిడల్ కణదేహం మీద పడిపోతుంది, అంటే అందిన సంకేతాలన్నీ కూడదీసుకుని స్పైక్ (కణం పంపే విద్యుత్ సంకేతం) కొట్టడానికి ఆ కణానికి దొరికేది ఆ కాస్త వ్యవధే. ఈ నిరోధాన్ని తొలగిస్తే ఆ వ్యవధి బాగా పెరిగిపోతుందని 2001లో పూయ్, స్కాంజియానీ చూపించారు. నిరోధం అంటే నోరు నొక్కేయడం అనుకుంటాం గానీ, ఇక్కడ అది చేసే అసలు పని సమయాన్ని కచ్చితం చేయడం.

దీని పక్కనే ఆక్సో-ఆక్సోనిక్ కణం గీయండి. ఉండేది అదే పొర, దీనిలోనూ పార్వాల్బ్యుమిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అందుకే చాలామంది రెండింటినీ ఒకటిగా గీసేస్తారు. రెండో ప్రశ్న వేస్తే తేడా తెలిసిపోతుంది: దీని ఆక్సాన్ వాలేది కణదేహం మీద కాదు, స్పైక్ పుట్టే చోట, పిరమిడల్ ఆక్సాన్ మొదట్లో. బాస్కెట్ కణాలు ఒకదాన్నొకటి కూడా ఆపుకుంటాయి, ఇది మాత్రం పిరమిడల్ కణాలనే పట్టుకుంటుంది. బైస్ట్రాటిఫైడ్ కణానికి ఓరియెన్స్, రేడియాటమ్ డెండ్రైట్ల మీద చెరొక అడ్డగీత పెట్టి ముందుకు సాగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఓ-ఎల్ఎమ్ కణం (ఓరియెన్స్, లాకునోసమ్-మాలిక్యులేర్ పొరల పేర్ల నుంచి వచ్చిన పేరు). కణదేహం పై పొర ఓరియెన్స్‌లో, ఆక్సాన్ మాత్రం మిగతా పొరలన్నీ దాటుకుని అట్టడుగున విచ్చుకుంటుంది. అంత దూరం ఎందుకు? మొదటి ప్రశ్న వేయండి. దీన్ని ముఖ్యంగా లేపేది సీఏ1 పిరమిడల్ కణాల ఆక్సాన్లే, అవి నడిచేది ఓరియెన్స్‌లో. పైగా ఒక్క స్పైక్‌కు ఇది పెద్దగా కదలదు, వరసగా కొడితే ఆ సినాప్స్ (రెండు కణాలు కలిసే చోటు) బలపడుతూ పోతుంది. అందుకే పిరమిడల్ కణాలు వరసగా కొట్టినప్పుడు ముందు బాస్కెట్ కణం కణదేహాన్ని ఆపుతుంది, కాస్త ఆలస్యంగా ఓ-ఎల్ఎమ్ వచ్చి ఎంటోరైనల్ సంకేతాలు దిగే డెండ్రైట్ కొసలను మూసేస్తుంది. అంతటితో అయిపోలేదు. రేడియాటమ్‌లో పిరమిడల్ డెండ్రైట్లను ఆపే ఇంటర్‌న్యూరాన్లను కూడా ఇది ఆపుతుందని 2012లో బయటపడింది. అంటే ఎంటోరైనల్ తలుపు మూస్తూనే సీఏ3 తలుపు తెరుస్తుంది. ఆ రెండో అడ్డగీత కూడా పెట్టండి, లేకపోతే బొమ్మ సగమే.

చివరగా వీఐపీ కణాల్లో (వీఐపీ అనే పెప్టైడ్ ఉండే ఇంటర్‌న్యూరాన్లు) ఇంటర్‌న్యూరాన్లనే వెతికి పట్టుకునే రకం. వీటి అడ్డగీతల్లో ఎక్కువ భాగం ఓ-ఎల్ఎమ్ కణాల మీదే పడతాయి. ఎరుపు మీద ఎరుపు.

ఇక అభ్యాసం. వీఐపీ కణం కొట్టిందనుకుని, పెన్ను ఎత్తకుండా అడ్డగీతలు ఒక్కొక్కటీ దాటుతూ వెళ్లండి: ఓ-ఎల్ఎమ్ ఆగుతుంది, డెండ్రైట్ కొసలు విడుదలవుతాయి, ఎంటోరైనల్ సంకేతానికి దారి దొరుకుతుంది. మరి అదే క్షణంలో షాఫర్ వైపు ఏమవుతుంది? ఇందాక పెట్టిన రెండో అడ్డగీత మీదుగా వెళ్లి, జవాబును రేడియాటమ్ పక్కన రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.