వేసవి సెలవుల్లో వీఆర్ క్రికెట్: ఇంట్లోవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పోయిన ఎండాకాలం మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి విజయనగరం వస్తూ వీఆర్ హెడ్‌సెట్ తెచ్చాడు. కళ్ళను పూర్తిగా మూసేసి, లోపలి తెర మీద ఆట మన చుట్టూ జరుగుతున్నట్టు చూపించే పరికరం అది. మధ్యాహ్నం పూట బయటికి పోనివ్వం కదా, సావిట్లోనే క్రికెట్ ఆడేవాడు. ఒకరోజు మా అమ్మ వాడి కోసం మజ్జిగ పట్టుకుని వెనకనుంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే వాడు పుల్ షాట్ కొట్టాడు. చేతిలోని ప్లాస్టిక్ బ్యాట్ అమ్మ మణికట్టుకు తగిలింది. వాడికి అమ్మ కనబడలేదు. చెవుల్లో స్టేడియం హోరు, అడుగుల చప్పుడూ వినబడలేదు. తప్పు వాడిది కాదు, అమ్మదీ కాదు. ఆ ఆట ఎలాంటిదో తెలియకుండా ఇంట్లో ఆడనిచ్చిన పెద్దవాళ్ళం మేము.

ఈ ఏడాది సెలవులు దగ్గరపడ్డాయి. ఐపీఎల్ కూడా అప్పుడే కాబట్టి పిల్లలకు బ్యాట్ మీదే ధ్యాస ఉంటుంది. మన జిల్లాల్లో కూడా ఈ హెడ్‌సెట్లు ఇళ్ళలో కనబడుతున్నాయి. కొన్నవాళ్ళు కొందరైతే, బయటి ఊళ్ళ నుంచి బంధువులు తెచ్చినవి కొన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అన్నిటికంటే ముఖ్యమైన మాట. డాబా మీద ఆడనివ్వకండి. సాయంత్రం ఇంట్లో ఉక్కపోస్తుంది, పైన గాలి బాగుంటుంది, చోటూ ఎక్కువే. పిల్లలు అక్కడికే పోదామంటారు. మన పాత డాబాలకు చాలావాటికి పిట్టగోడ ఉండదు, ఉన్నా మోకాలెత్తే. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి అంచు కనబడదు. స్పిన్నర్ బంతి వేస్తే రెండడుగులు ముందుకొచ్చి కొట్టడం క్రికెట్ ఆడే ప్రతివాడికీ అలవాటు. నేల మీద ఆ రెండడుగులతో గోడకు తగులుతాడు. డాబా మీదైతే కింద పడతాడు. "జాగ్రత్తగా ఆడతాను మావయ్యా" అని ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

పగటి పూట డాబా మీదికి హెడ్‌సెట్ తీసుకెళ్ళకూడదనడానికి ఇంకో కారణం ఉంది. లోపలి కటకాల మీద నేరుగా ఎండ పడితే భూతద్దం కింద కాగితం కాలినట్టు లోపలి తెర కాలిపోతుంది. ఒక్క నిమిషం అక్కర్లేదు. ఇంట్లో కూడా కిటికీ పక్కన, కటకాలు పైకి పెట్టి వదిలేయకండి.

ఇక గది. ఆడేవాడి చుట్టూ కనీసం 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలని తయారీదార్లే చెబుతారు. అంటే సుమారు ఆరున్నర అడుగులు. క్రికెట్‌కు అది చాలదని నా అభిప్రాయం. ఆడేముందు హెడ్‌సెట్‌లో మనం గీసుకునే హద్దు, చేతి కదలికలను ఆటకు తెలిపే కంట్రోలర్ ఎక్కడుందో చూసి హెచ్చరిస్తుంది. కంట్రోలర్‌కు బ్యాట్ లాంటి తొడుగు తగిలిస్తే, ఆ బ్యాట్ చివర ఎక్కడుందో దానికి తెలియదు. హద్దు గోడకు అడుగు దూరంలో గీస్తే బ్యాట్ గోడను తాకాకే హెచ్చరిక వస్తుంది. కాబట్టి గోడల నుంచి, మంచం నుంచి, టీవీ నుంచి బ్యాట్ పొడవంత లోపలికి జరిగి హద్దు గీయండి.

హద్దు దగ్గరికి రాగానే కళ్ళ ముందు గళ్ళ గీతలు కనబడతాయి కదా, ఇంకేం భయం అంటారు కొందరు. 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చేతి నుంచి బ్యాట్స్‌మన్ దాకా రావడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనూ వాడి చూపంతా బంతి మీదే ఉంటుంది. గీతలు కనబడినా చెయ్యి ఆగదు.

గది పొడుగ్గా ఉంటే, పొడుగు వైపే బౌలర్ వచ్చేలా దిశ సరిచేసుకోవాలి. బ్యాట్స్‌మన్ అడుగు వేసేది ఎక్కువగా బౌలర్ వైపే. కట్ కొడితే చేతులు ఛాతీ ముందుకు చాచుకుంటాయి, పుల్ కొడితే ఒళ్ళు వెనక్కి తిరుగుతుంది. ఈ మూడు పక్కలా ఖాళీ కావాలి. కీపర్ వైపు మాత్రం కాస్త తక్కువైనా నడుస్తుంది. రెండు మూడు ఓవర్లు ఆడేసరికి ఎవరైనా తెలియకుండా ఒక పక్కకు జరిగిపోతారు. దానికి తేలికైన ఉపాయం, కాళ్ళ కింద జారని రబ్బరు పట్టా ఒకటి వెయ్యడం. పాదం అంచు మీదికి వస్తే స్పర్శతోనే తెలుస్తుంది. మామూలు చాప పనికిరాదు, టైల్స్ మీద చాపే జారుతుంది. మేజోళ్ళతో ఆడనివ్వకండి. అప్పుడే తడిగుడ్డ పెట్టిన నేల మీద అసలు వద్దు.

సీలింగ్ ఫ్యాన్ సంగతి చాలామందికి తట్టదు. అయిదున్నర అడుగుల మనిషి చెయ్యి పైకెత్తితే దాదాపు ఏడడుగులు. దానికి బ్యాట్ పొడవు రెండడుగులు కలపండి. మన గదుల్లో ఫ్యాన్ రెక్కలు అంత ఎత్తులోనే తిరుగుతుంటాయి. ఆడేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. ఉక్కకు టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి, హద్దుకు బాగా బయట, బౌలర్ వచ్చే వైపు. గాలి ముఖానికి తగులుతున్నంతసేపూ తాను ఎటు తిరిగి ఉన్నాడో ఆడేవాడికి తెలుస్తుంది కూడా. ఇది మా ఇంట్లో బాగా పనికొచ్చింది.

కంట్రోలర్ తాడు మణికట్టుకు వేసుకోకుండా ఒక్క బంతి కూడా ఆడనివ్వద్దు. చెమట పట్టిన చేతిలోంచి కంట్రోలర్ జారితే అది నేరుగా టీవీ మీదికో చంటిపిల్ల మీదికో పోతుంది. ఛార్జింగ్ వైరు తగిలించి ఆడకూడదు, కాళ్ళకు చుట్టుకుంటుంది.

మన దగ్గర ఎండాకాలం కరెంటు పోవడం మామూలే. హెడ్‌సెట్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఆట ఆగదు. గదిలో చీకటి పడితే మాత్రం దాని కెమెరాలకు గోడలు, నేల సరిగా కనబడక స్థానం తప్పుతుంది, గీసిన హద్దు కూడా పోవచ్చు. కరెంటు పోయిన వెంటనే ఉన్నచోటే నిలబడి హెడ్‌సెట్ తీసేయాలని పిల్లలకు ముందే చెప్పిపెట్టండి.

ఒంటి విషయానికొస్తే, ఈ ఆట తేలిగ్గా కనబడి మోసం చేస్తుంది. నిజం బ్యాట్‌కు బరువుంటుంది, బంతి తగిలినప్పుడు దెబ్బ చేతికి తెలుస్తుంది. ఇక్కడ బంతి ఉండదు, గాలిలో ఎంత గట్టిగా తిప్పినా అడ్డుకునేది లేదు. ఆ ఊపు మొత్తం మోచెయ్యి, భుజం కీళ్ళ మీద పడుతుంది. ఆడేముందు అయిదు నిమిషాలు చేతులు, మెడ తిప్పాలి. సిక్స్ కోసం బలమంతా పెట్టక్కర్లేదని, బంతికి బ్యాట్ సరైన సమయంలో తగలడమే ముఖ్యమని చెప్పండి. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఆ ఊరి పిల్లలకు టైమింగ్ గురించి చెప్పడంలో నాకు ఒక సంతోషం కూడా ఉంది.

హెడ్‌సెట్ దాదాపు అరకిలో ఉంటుంది, బరువంతా ముఖం వైపే. అరగంట ఆడితే పది పదిహేను నిమిషాలు తీసేసి కూర్చోవాలి. ఆ సమయంలో చోడంబలో (రాగి అంబలి) మజ్జిగో ఇవ్వండి. మూసిన గదిలో చెమటతో ఎంత నీరు పోయిందో ఆడేవాడికి తెలియదు. కడుపులో తిప్పినా, తల తిరిగినా, ఇంకో ఓవర్ అనకుండా అప్పుడే ఆపాలి. కళ్ళకు కదలిక కనబడుతూ ఒళ్ళు కదలకపోతే వచ్చే వికారం అది, ఓర్చుకుంటే తగ్గదు. ఆట అయిన వెంటనే బండి నడపకూడదు. మూర్ఛ వచ్చే పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా పెట్టనే పెట్టకూడదు.

మెటా క్వెస్ట్ హెడ్‌సెట్లకు కంపెనీ పెట్టిన కనీస వయసు 10 ఏళ్ళు, అదీ తల్లిదండ్రుల చేతిలో ఉండే ఖాతాతో. ప్లేస్టేషన్ వీఆర్‌కు 12 ఏళ్ళు. అన్న ఆడుతుంటే ఆరేళ్ళ తమ్ముడు ఏడుస్తాడు. ఏడ్చినా ఇవ్వకండి.

వీధిలోని పిల్లలంతా ఒకే హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్ళకలక ఇట్టే అంటుకుంటుంది. ఎవరి కళ్ళయినా ఎర్రగా ఉంటే ఆ రోజు వాళ్ళకు ఇవ్వద్దు. ముఖానికి ఆనే భాగాన్ని ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చేటప్పుడు తుడవండి. కటకాలను మాత్రం పొడి మెత్తని బట్టతోనే తుడవాలి. శానిటైజర్ పోస్తే పైపూత పోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఉంది. హెడ్‌సెట్ లేని మనిషి ఒకరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వాళ్ళే అంపైర్. హెడ్‌సెట్ శబ్దం తగ్గించే ఉండాలి, అంపైర్ "ఆగు" అంటే ఏ బంతి మధ్యలోనైనా చెయ్యి కిందికి దించాలి. అంపైర్ లేచి వెళ్తే ఆట లేదు. ఫోన్ చూస్తూ కూర్చునేవాళ్ళు అంపైర్‌గా పనికిరారు.

ఇంత చేసినా దెబ్బ తగిలితే, మేం చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. అమ్మ చేతికి ఆ సాయంత్రం బామ్ రాసి, మర్దనా చేసి ఊరుకున్నాం. తెల్లారేసరికి చెయ్యి ఉబ్బిపోయింది. ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు వేశారు. వాపు వచ్చినచోట మర్దనా చేయకూడదు. గుడ్డలో మంచు ముక్కలు చుట్టి పెట్టి, చెయ్యి కదలకుండా ఉంచి, నాటు కట్టు కోసం తిరగకుండా ఎక్స్‌రే తీయించండి. తలకు దెబ్బ తగిలినవాడు వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూడొద్దు.