గోల్డ్‌ఫిష్‌కి మందు వేసే ముందు

చేప ఓ మూల డల్‌గా కనిపించగానే మందు సీసా మూత తీయకండి. ముందు ఇవి చూసుకోండి.

– నీళ్లు. సగం తిప్పలు ఇక్కడే. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ (చేప వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలు) రెండూ సున్నా ఉండాలి. లేకపోతే కావాల్సింది మందు కాదు, పావు వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చడం. హైదరాబాద్ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డీక్లోరినేటర్ కలపకుండా పోయొద్దు. మాది బోరే కదా అనుకోకండి, అపార్ట్‌మెంట్ సంపులో అన్నీ కలిసిపోతాయి.

– తెల్ల చుక్కలు ఎక్కడున్నాయి? ఒళ్లంతా, రెక్కల మీదా ఉప్పు రవ్వ చల్లినట్టుంటే అది ఇక్ (Ich) అనే పరాన్నజీవి జబ్బు. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరసగా ఉంటే జబ్బు కాదు, ఈడుకొచ్చిన మగ చేప గుర్తు. నేను తెలియక మూడు రోజులు మందు పోశాను, పాపం.

– తొట్టి కొలత. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు. 60×30×30 అంటే 54. కంటి అంచనా వద్దు.

– ఫిల్టర్‌లో కార్బన్ తీసేయాలి, మందును పీల్చేస్తుంది. ఎయిర్ పంప్ ఆన్.

– ఉప్పు వేస్తే అయోడిన్ లేనిదే. లీటరుకు 1 నుంచి 3 గ్రాములు, మగ్గులో కరిగించి విడతలుగా. ఉప్పు ఆవిరైపోదు. నీళ్లు మార్చినంత మేరకే మళ్లీ కలపాలి. మొక్కలుంటే చేపను వేరే టబ్‌లోకి మార్చండి.

– మిథిలీన్ బ్లూ అనే నీలం మందు కూడా టబ్‌లోనే. తొట్టిలో పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అంచుల సిలికాన్ నీలంగా మారిపోతుంది.

– రెండు మందులు ఒకేసారి వద్దు, షాపతను ఎంత చెప్పినా సరే.