పిల్లలకు మతాన్ని నూరిపోస్తున్నారని అనిపిస్తే ఏం చేయాలి?

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఒక రాత్రి ఎంతసేపటికీ నిద్రపోలేదు. వీపు నిమురుతుంటే గోడవైపే తిరిగి అడిగింది: "నాన్నా, నువ్వు ప్రార్థన చెయ్యవు కదా. చచ్చిపోయాక నిన్ను నిప్పుల్లో వేస్తారా?"

సెలవుల్లో పిల్లల కోసం పెట్టిన ఒక క్లాసుకి అప్పటికి పది రోజులుగా వెళ్తోంది. కథలు, పాటలు, బొమ్మలు అన్నారు, పంపాం. నిప్పుల మాట అక్కడే విన్నదట. మర్నాటి నుంచి క్లాసు మాన్పించాం. అది ఒక్క రోజు పని. ఆ భయం వదలడానికి మాత్రం నెలలు పట్టింది. మొదట్లో నేను చేసిన తప్పులు కూడా అందుకు కారణమే.

మా ఆవిడకి దేవుడి మీద గట్టి నమ్మకం, నాకు లేదు. అందుకే కింద రాసినవి నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ ఒకేలా పనికొస్తాయని ధైర్యంగా చెప్పగలను. ఇద్దరం కలిసే ఇవన్నీ నేర్చుకున్నాం.

1. ముందు అపాయం ఉందేమో చూడండి

మిగతా పనులన్నీ నిదానంగా చేసుకోవచ్చు. ఇది మాత్రం ఈ రోజే చూడాలి. మతం పేరు చెప్పి బిడ్డను కొడుతున్నా, పస్తు పెడుతున్నా, జబ్బు చేస్తే డాక్టరుకు చూపించకుండా ప్రార్థనతోనే సరిపెడుతున్నా, బడి మాన్పిస్తున్నా అది మత స్వేచ్ఛ కిందకు రాదు. పిల్లల రక్షణ చూసే అధికారులకో, పోలీసులకో, కనీసం ఒక డాక్టరుకో వెంటనే చెప్పండి. 1944లో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి గీతే ఒకటి గీసింది. తొమ్మిదేళ్ళ పాపను సంరక్షకురాలే రాత్రివేళ వీధిలో మత పత్రికలు పంచడానికి వెంట తీసుకెళ్ళిన కేసు అది. పెద్దవాళ్ళు తమ విశ్వాసం కోసం తాము ఎంత త్యాగమైనా చేసుకోవచ్చు గానీ, సొంతంగా నిర్ణయించుకునే వయసు రాని పిల్లల చేత ఆ త్యాగం చేయించలేరని కోర్టు చెప్పింది.

దెబ్బలు పైకి కనిపిస్తాయి. కనిపించని గుర్తు ఇంకొకటుంది: "ఇంట్లో చెప్పొద్దు" అనే మాట. దేవుడి గురించి చెప్పేదాంట్లో అమ్మానాన్నల దగ్గర దాచాల్సింది ఏముంటుంది? పిల్లల మీద లైంగిక వేధింపులు కూడా ఇలాంటి రహస్యాల చాటునే సాగుతాయి. ఆ మాట చెప్పింది ఎవరైనా సరే, ఎంత పేరున్న పెద్దమనిషైనా సరే, ఆ మనిషి దగ్గర బిడ్డను ఒంటరిగా ఉంచడం ముందు ఆపండి. విచారణ తర్వాత.

2. నేర్పుతున్నారా, నూరిపోస్తున్నారా?

పిల్లలు చాలా విషయాలు పెద్దల మాట మీదే నమ్ముతారు. క్రిముల్ని వాళ్ళెప్పుడూ చూడలేదు, అయినా చేతులు కడుక్కుంటారు. భూమి గుండ్రంగా ఉందంటే కాళ్ళకింద చదునుగా కనిపిస్తున్నా సరేనంటారు. కాబట్టి పసిబిడ్డ దేవుణ్ణి నమ్ముతోందంటే ఎవరో బ్రెయిన్‌వాష్ చేశారని అర్థం కాదు. ఇంట్లో వాళ్ళు పాడే పాట పాడటం, వాళ్ళతో కలిసి కళ్ళు మూసుకుని కూర్చోవడం పిల్లలకు ఆనందం కూడా. మీ నమ్మకం వేరు అయినంత మాత్రాన దాన్ని హాని అనకండి.

నేను మూడు విషయాలు చూస్తాను. ప్రశ్న అడిగితే ఏం జరుగుతోంది? "నాకూ తెలియదు", "కొందరు ఇలా నమ్ముతారు" అనే జవాబులు వస్తున్నాయా, లేక అడగడమే పాపం అంటున్నారా? రెండో విషయం భయం. శిక్ష గురించి ఎంత మాట్లాడుతున్నారు, ప్రేమ గురించి ఎంత? మూడోది మిగతా మనుషులు. వేరే నమ్మకం ఉన్న స్నేహితురాలితో ఆడొద్దని చెబుతున్నారా, ఆమె చెడ్డదని చెబుతున్నారా? మూడింట్లో ఏ ఒక్కటి చెడుగా కనిపించినా నేను ఊరుకోను. ఎందుకంటే ఇక్కడ బిడ్డ ముందు పెట్టింది ఒక బేరం: నమ్మితేనే నువ్వు మావాడివి, లేకపోతే కాదు.

ఈ తేడా కోర్టులకూ తెలుసు. డెన్మార్క్ బడుల్లోని ఒక పాఠం మీద కొందరు తల్లిదండ్రులు వేసిన కేసులో 1976లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం చెప్పిందేమంటే, బడిలో ఏ విషయమైనా నిష్పాక్షికంగా, ఆలోచింపజేసేలా, భిన్నాభిప్రాయాలకు చోటిచ్చేలా చెప్పొచ్చు, తల్లిదండ్రుల విశ్వాసాలను లెక్కచేయకుండా పిల్లల బుర్రలోకి ఒకే భావాన్ని ఎక్కించడం మాత్రం కూడదు. పెద్దలకు బలవంతంగా భావాలు ఎలా ఎక్కిస్తారో అధ్యయనం చేసి 1961లో ప్రచురించిన అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ గుర్తించిన లక్షణాల్లో కొన్ని చూడండి: బయటి సమాచారం చెవిన పడకుండా చూడటం, తప్పులు ఒప్పుకోమని పదేపదే ఒత్తిడి పెట్టడం, సొంత అనుభవం కంటే సిద్ధాంతమే నిజమనడం. ఎదిగిన మనుషులే వీటికి లొంగిపోయారు. ఆరేళ్ళ పిల్ల ఎంత?

3. అడగడం తగ్గించి వినండి

నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే. ఆ రాత్రి కోపం ఆపుకోలేక "అదంతా అబద్ధం, వాళ్ళకి బుద్ధి లేదు" అన్నాను. మా అమ్మాయి ఇంకా ఏడ్చింది. ఆ టీచర్ అంటే తనకి ఇష్టం. ఇప్పుడు ఇష్టమైన ఇద్దరు పెద్దవాళ్ళలో ఒకరు అబద్ధాలకోరు, అది ఎవరో తనే తేల్చుకోవాలి. ఆ తర్వాత రెండు వారాలు క్లాసు ఊసే ఎత్తలేదు. నేనే ఆ తలుపు మూసేశాను.

కాబట్టి మీకు ఎంత టెన్షన్‌గా ఉన్నా మొహంలో కనిపించనివ్వకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. నడుస్తూనో, బొమ్మలు గీస్తూనో, లైటు ఆర్పాకనో అయితే మాట తేలిగ్గా వస్తుంది. "నిన్ను భయపెట్టారా?" అని అడిగితే అవుననో కాదనో చెప్పి ఊరుకుంటారు, పైగా మీకు ఏ జవాబు కావాలో కూడా పసిగడతారు. "ఈ రోజు చెప్పిన కథేంటి?", "అందులో నీకు నచ్చింది ఎవరు?", "విన్నప్పుడు పొట్టలో ఎలా అనిపించింది?" అని అడగండి. పొట్ట గురించి అడగడం వింతగా అనిపించొచ్చు. చిన్నపిల్లలు చాలామంది భయాన్ని పొట్టనొప్పిగానే చెబుతారు. నాకు పనిచేసిన ప్రశ్న కూడా అదే.

చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి. తర్వాత ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా మీ ఊహలు కలవకుండా ఉంటాయి.

4. నమ్మకం సంగతి తర్వాత, ముందు భయం తీర్చండి

ఏడేళ్ళలోపు పిల్లల ఆలోచన వేరుగా ఉంటుందని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే వివరించాడు. వాళ్ళు మాటను మాటగానే తీసుకుంటారు. పెద్దవాళ్ళకు ఒక ఉపమానం అయినది వాళ్ళకు నిజంగా మండే మంట. "పైనుంచి ఆయన అంతా చూస్తుంటాడు" అంటే ఒక బిడ్డకు ధైర్యం, ఇంకో బిడ్డకు బాత్రూంకి వెళ్ళాలన్నా సిగ్గు. తమ మనసులో అనుకున్నది బయట జరిగిపోతుందని కూడా ఆ వయసులో నమ్ముతారు. తమ్ముడి మీద కోపం వచ్చిన రోజే వాడికి జ్వరం వస్తే "నా పాపం వల్లే" అనుకునే బిడ్డ ఆ మాట ఎవరికీ చెప్పదు.

అందుకని వాదన పెట్టకండి. నరకం ఉందా లేదా అన్న చర్చతో ఆరేళ్ళ బిడ్డకు నిద్ర రాదు. "నీకు భయమేసింది కదా. నేనున్నాను. నువ్వు ఏం అనుకున్నా, ఏం అడిగినా నాకు నీ మీద ప్రేమ తగ్గదు. నీ ఆలోచన వల్ల ఎవరికీ జ్వరం రాదు." ఇంతే చెప్పండి, రేపు మళ్ళీ చెప్పండి. మా ఇంట్లో నా మాట కంటే మా ఆవిడ మాట బాగా పనిచేసింది. తను నమ్మే మనిషి కదా. "నేను ప్రార్థించే దేవుడు నాన్నని కాల్చడు, నాకు తెలుసు" అంది. మీ ఇంట్లో విశ్వాసం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేతే చెప్పించండి. నమ్మని మనిషి ఇచ్చే ధైర్యాన్ని, భయపడిన బిడ్డ సగమే నమ్ముతుంది.

కొందరు పిల్లల్లో ఇది ఇంకా ముదురుతుంది. సరిగ్గా రాలేదంటూ ఒకే ప్రార్థన పదేపదే మొదలుపెట్టడం, చిన్న తప్పుకే రోజుకు పదిసార్లు క్షమించమనడం, చెడు ఆలోచన వచ్చిందని వణికిపోవడం కనిపిస్తే దాన్ని భక్తి అనుకోకండి. ఓసీడీ అనే మానసిక సమస్యకు ఇది ఒక రూపం కావచ్చు. చికిత్స ఉంది, పనిచేస్తుంది. పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.

5. ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడండి

చాలా ఇళ్ళలో బోధించేది బయటివాళ్ళు కాదు, అమ్మమ్మో తాతయ్యో. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. మనవరాలు మంచి దారిలో ఉండాలని, తమ తర్వాత కూడా తమకు తెలిసిన దేవుడు దాన్ని కాపాడాలని. మొక్కై వంగనిది మానై వంగునా అని వాళ్ళకు ఎవరో చెప్పారు, వాళ్ళూ అలాగే పెరిగారు. ముందు ఆ ప్రేమను గుర్తించి మాట్లాడితే మాట వింటారు. "మీరు కథలు చెప్పండమ్మా, దానికి చాలా ఇష్టం. శిక్షల కథలు మాత్రం పదేళ్ళు వచ్చేదాకా వద్దు. రాత్రిళ్ళు లేచి ఏడుస్తోంది." ఇలా ఆపాల్సింది ఏమిటో ఒక్కటి చెప్పండి. "దానికి మతం ఎక్కించొద్దు" అంటే మీరు వాళ్ళ జీవితాన్నే తీసిపారేసినట్టు వినిపిస్తుంది.

భార్యాభర్తల నమ్మకాలు వేరైతే బిడ్డ లేనప్పుడు కూర్చుని ఒప్పందానికి రండి. మేము రాసుకున్నవి రెండే: ఒకరి నమ్మకాన్ని ఇంకొకరు బిడ్డ ముందు వెక్కిరించకూడదు, "నువ్వు ఎవరి వైపు?" అని బిడ్డను ఎప్పుడూ అడగకూడదు.

6. క్లాసు, బడి, శిబిరం

చేర్చే ముందే అడగండి: ఏ పుస్తకం చెబుతారు, ఒకసారి చూడొచ్చా, ఒక రోజు వెనక కూర్చోవచ్చా? మంచిగా నడిపేవాళ్ళు సంతోషంగా రమ్మంటారు. తలుపు వేసుకునేవాళ్ళ దగ్గరికి పంపకండి. ఇప్పటికే చేర్చి ఉంటే నేరుగా టీచరుతో మాట్లాడండి, మీరు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. బడి అయితే విన్నపం రాతపూర్వకంగా ఇవ్వండి. తమ పిల్లల మత, నైతిక విద్య తమ నమ్మకాలకు తగినట్టు ఉండేలా చూసుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉందని 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణంలో ఉంది. మీ దేశ చట్టం మత బోధ నుంచి మినహాయింపు ఇస్తుందేమో కనుక్కోండి. మినహాయింపు దొరికితే ఆ గంటలో బిడ్డ ఎక్కడ కూర్చుంటుందో కూడా అడగండి. వరండాలో ఒంటరిగా నిలబెడితే అది ఇంకో శిక్ష.

7. మీరు కూడా నూరిపోయకండి

ఇది నాలాంటి వాళ్ళ కోసం. దేవుడు లేడని, నమ్మేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళని రోజూ చెప్పి పెంచితే అదీ నూరిపోయడమే. ప్రశ్న వచ్చినప్పుడు "నేను ఇలా అనుకుంటాను, అమ్మ అలా అనుకుంటుంది, నీకేమనిపిస్తోంది?" అనండి. ఆ మూడో ముక్క తర్వాత నిజంగా ఆగండి. వేర్వేరు మతాల కథలు చదివి వినిపించండి, మనుషులు లోకాన్ని ఎన్ని రకాలుగా అర్థం చేసుకున్నారో తెలుస్తుంది. ఒక్క కథే విన్న బిడ్డ దాన్ని పోల్చి చూడటానికి ఏమీ లేక నమ్ముతుంది.

8. వయసుతో పాటు పగ్గం వదులుతూ రండి

1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం ఆలోచనకు, అంతరాత్మకు, మతానికి సంబంధించిన స్వేచ్ఛ బిడ్డకే ఉందంటుంది. దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులవి, అదీ బిడ్డ ఎదుగుతున్న సామర్థ్యానికి తగినట్టుగా. జర్మనీలో 1921 నాటి చట్టం దీన్ని వయసుల్లో చెప్పింది: పన్నెండేళ్ళు నిండాక బిడ్డ ఇష్టానికి విరుద్ధంగా మతం మార్చి పెంచకూడదు, పధ్నాలుగు నిండాక నిర్ణయం బిడ్డదే. మీ దేశంలో అలాంటి చట్టం లేకపోయినా ఇంట్లో ఆ లెక్క పెట్టుకోవచ్చు. పన్నెండేళ్ళ పిల్ల ప్రార్థనకు రానంటే ఎందుకో వినండి, లాక్కెళ్ళకండి. నమ్మకం లేని ఇంట్లో పధ్నాలుగేళ్ళ పిల్లాడు భక్తుడైతే వాడి పుస్తకాలు దాచేయకండి. వాడు వెళ్ళే చోటికి ఒకసారి వెంట వెళ్ళి, రెండో అడుగులో చెప్పిన మూడు విషయాలూ అక్కడ చూడండి.

మా అమ్మాయికి ఇప్పుడు పదకొండు. కొన్ని రోజులు వాళ్ళమ్మతో కూర్చుని ప్రార్థిస్తుంది, కొన్ని రోజులు చదువుకోవాలంటుంది. మొన్న రాత్రి మళ్ళీ నన్ను అడిగింది, చచ్చిపోయాక ఏమవుతామని. ఈసారి గోడవైపు తిరిగి లేదు. గంటసేపు మాట్లాడుకున్నాం.