పెరటి గోడకు పచ్చటి ముసుగు – 4వ పాఠం: తీగ ఎందుకు ఎక్కలేదు?

పోయిన పాఠంలో గోడకు వైరు బిగించి మొక్క నాటమన్నాను. మీరు పంపిన ఫొటోల్లో చాలావాటిది ఒకటే కథ. వైరు బోసిగా ఉంది, మొక్కేమో కింద కుప్పగా పడుంది. "ఎరువు తక్కువైందా?" అని అడుగుతున్నారు. ఎరువు సంగతి వదిలేయండి. రంగుల పాఠం కూడా వచ్చేసారికి. ముందు మీ తీగ దేన్ని, ఎలా పట్టుకుంటుందో తేల్చుకుందాం.

శంఖుపుష్పం, చిక్కుడు, తీగ బచ్చలి కాడతోనే చుట్టుకుంటూ పైకి పోతాయి. వీటికి నిలువు ఆధారం కావాలి. మీలో చాలామంది వైర్లు అడ్డంగానే లాగారు. వాటి మధ్య అడుగుకొకటి చొప్పున కొబ్బరితాడు నిలువుగా కట్టండి. నున్నటి వైరు మీద కాడ జారుతుంది, గరుకు తాడు మీద జారదు.

బోగన్‌విలియా, అదే మన కాగితపు పూల చెట్టు, దేన్నీ చుట్టుకోదు. దానికున్నవి ముళ్లే. మనం కట్టకపోతే ఏళ్లు గడిచినా ఎక్కదు. కట్టడానికి బైండింగ్ వైరు వాడకండి, కాడ లావెక్కగానే కోసేస్తుంది. పాత కాటన్ చీర పీలికలు చాలు, వదులుగా కట్టండి. ఫైకస్ పుమిలా అనే పాకే తీగకి వైరే అక్కర్లేదు, వేళ్లతో గోడకే అంటుకుంటుంది. పీకితే రంగు కూడా ఊడొస్తుంది కాబట్టి అద్దె ఇంట్లో వద్దు.

ఇక అసలు తలనొప్పి, ఇనుప పైపులు. "గట్టిగా ఉండాలని" అంగుళంన్నర పైపుతో ఫ్రేము వెల్డింగ్ చేయించి, పక్కన కాకర పెట్టారు. కాకర ఎక్కేది నులితీగలతో. ఆ నులితీగ దారంలా ఉంటుంది. సన్నటి పుల్ల తగిలితే కొన వంగి దాన్ని చుట్టేస్తుంది. ఆ తర్వాత మధ్య భాగం స్ప్రింగులా మెలిపడి కాడను దగ్గరికి లాక్కుంటుంది. దగ్గరగా చూడండి: ఆ స్ప్రింగు సగం ఒకవైపు, మిగతా సగం ఎదురువైపు తిరిగి ఉంటుంది. అంత సన్నటిది లావు పైపును ఎలా చుడుతుంది? దొండకూ అంతే, బీరకూ అంతే, పొట్లకూ అంతే. పెన్సిల్ కంటే లావుంటే కష్టమని గుర్తుపెట్టుకోండి. పైగా ఎండాకాలం ఆ ఇనుము కాలిపోతుంది, లేత కొనలు మాడతాయి. పైపులు తీసేయక్కర్లేదు, వాటికి కోళ్ల మెష్ కట్టేయండి. పాత చేపల వల దొరికితే ఇంకా నయం, నేనైతే అదే వాడతాను. ప్లాస్టిక్ ఆకుల చాపతో గోడ కప్పేస్తామన్నవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

గోడకూ వైరుకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలన్నది మారలేదు.

అభ్యాసం: రాత్రి నానబెట్టిన శంఖుపుష్పం గింజలు రెండు కుండీలో నాటి, పక్కన నిలువు పుల్ల గుచ్చండి. మొలక జానెడు ఎక్కాక మెల్లగా విప్పి, ఎదురువైపు చుట్టి దారంతో వదులుగా ఆపండి. దారానికి పైన పెరిగే కొన ఏ వైపు తిరుగుతుందో రెండు మూడు రోజులు, పొద్దున్నా సాయంత్రం చూసి రాసుకోండి. అలాగే చిక్కుడుతోనూ చేయండి. ఇకమీదట ఏ తీగనైనా చేత్తో ఎక్కించేటప్పుడు అది తిరిగే వైపుకే చుట్టాలి. ఈసారి ఫొటోలు వద్దు, రాసుకున్నది పంపండి.