చలికాలంలో బట్టలు త్వరగా ఆరాలంటే

చలికాలంలో ఉతికిన బట్టలు రెండో రోజుకీ చెమ్మగానే ఉంటాయి, పైగా ముక్క వాసన. పొద్దున వేసుకోవాల్సిన చొక్కా రాత్రి పదింటికి కూడా తడిగా తగిలితే వచ్చే టెన్షన్ అందరికీ తెలిసిందే.

మామూలుగా పిండేశాక, బాగా ఆరిన మందపాటి టవల్‌ని నేల మీద పరిచి, దాని మీద చొక్కా పరవండి. రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టండి. ఆ చుట్టని ఈ చివర నుంచి ఆ చివర దాకా మోకాళ్లతో ఒత్తుకుంటూ వెళ్లండి. రెండు నిమిషాలు చాలు. టవల్ ఎంత నీరు పీల్చిందో పట్టుకుంటేనే తెలుస్తుంది. తర్వాత చొక్కాని హ్యాంగర్‌కి తగిలించి, బట్టకీ బట్టకీ జానెడు ఎడం ఉంచి, ఫ్యాన్ వేయండి. కిటికీ కాస్త తెరిచే ఉండాలి, లేకపోతే ఆ తేమంతా గదిలోనే తిరుగుతుంది. ఇలా చేస్తే పల్చటి కాటన్ చొక్కా నాకు తెల్లారేసరికి ఆరిపోతోంది.

జీన్సు, దుప్పట్లకి మాత్రం ఇది పెద్దగా పనిచేయదు, ఊరికే చేతులు నొప్పి. రంగు పోయే కొత్త బట్టల్ని తెల్ల టవల్‌లో చుట్టకండి. నేను ఒక టవల్ అలాగే పాడుచేసుకున్నాను.