నిధుల సేకరణ నేర్చుకుందాం – 4వ పాఠం: ఈవెంట్ గిట్టుబాటవుతుందా?

గత పాఠంలో దాతల జాబితాను పాతవాళ్లు, కొత్తవాళ్లు, ఆగిపోయినవాళ్లు అని మూడుగా విడదీశాం. ఆ జాబితా దగ్గర పెట్టుకోండి, మధ్యలో పనిపడుతుంది.

స్వచ్ఛంద సంస్థలో డబ్బు తగ్గగానే బోర్డు మీటింగులో ఎవరో ఒకరు "ఒక ప్రోగ్రాం పెడదాం" అంటారు. సంగీత విభావరి, విందు, పరుగు, వేలంపాట, ఏదో ఒకటి. అందరికీ హుషారు వస్తుంది. దాత ఎదురుగా కూర్చుని నోరు తెరిచి అడగడం కంటే టికెట్లు అమ్మడం తేలిక కదా! చాలా ఈవెంట్లు ఈ మొహమాటంలోంచే పుడతాయని నా అనుమానం. సరే, అది పక్కన పెట్టి లెక్కలోకి వెళ్దాం.

కింది అంకెలు నేను కల్పించినవి. మీ కరెన్సీ ఏదైనా పద్ధతి మారదు.

ఒక సంస్థ విందుతో కూడిన సాంస్కృతిక కార్యక్రమం చేసింది. 1,000 చొప్పున 200 టికెట్లు అమ్మితే 2,00,000 వచ్చింది. స్పాన్సర్లు 2,50,000 ఇచ్చారు. వేదిక మీద విజ్ఞప్తి చేస్తే ఇంకో 1,00,000 పోగైంది. మొత్తం 5,50,000. మర్నాడు అందరికీ చెప్పుకునేది ఈ అంకే.

ఇప్పుడు ఖర్చు. హాలు, స్టేజి, సౌండ్ కలిపి 1,20,000. ప్రచారం, ప్రింటింగ్, జ్ఞాపికలు 46,500. భోజనం మనిషికి 450. తిన్నది 200 మంది కాదు, 230 మంది. ఆ 30 ఫ్రీ పాసులు ఎవరికి వెళ్లాయో ప్రతి నిర్వాహకుడికీ తెలుసు! భోజనాలకు 1,03,500 అయింది. మొత్తం ఖర్చు 2,70,000, మిగులు 2,80,000. అంటే వసూలైన ప్రతి వందలో దాదాపు 49 ఖర్చుకే పోయింది. ఈ రంగంలో చాలాకాలంగా చెప్పుకునే అంచనా కూడా ఈవెంట్‌లో వందకు 50 దాకా ఖర్చవుతుందనే. పెద్ద దాతలను స్వయంగా కలిసి అడిగితే అయ్యే ఖర్చు అందులో చిన్న భాగమే.

చాలామంది లెక్క ఇక్కడ ఆపేస్తారు. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

మొదట జీతాలు. ముగ్గురు సిబ్బంది నాలుగు నెలలపాటు సగం రోజు ఈ పనిమీదే ఉన్నారు. అంటే ఆరు మనిషి-నెలలు, ఒక మనిషి ఆరు నెలలు పూర్తిగా చేసే పనితో సమానం. నెలకు 25,000 వేసుకుంటే 1,50,000. "జీతం ఎలాగూ ఇస్తాం కదా" అనే వాదన ప్రతిచోటా వినిపిస్తుంది. అది చెల్లదు. ఆ ఆరు నెలల పని వేరేచోట పెట్టి ఉంటే ఏం వచ్చేదన్నది అసలు ప్రశ్న. మీ జాబితాలో ఆగిపోయిన దాతలకు వరసగా ఫోన్లు చేయడానికి ఆ సమయం సరిపోయేది కాదా? మిగులు 1,30,000కు దిగింది.

తర్వాత, ఎలాగూ వచ్చే డబ్బు. స్పాన్సర్లలో ఒకాయన ఏటా 1,00,000 ఇచ్చే పాత దాతే. ఈసారి ఆ చెక్కు మీదే స్పాన్సర్ అని రాసి, ఆయన పేరు బ్యానర్ మీద వేశారు. అది ఈవెంట్ తెచ్చిన డబ్బు కాదు. తీసేయండి.

మిగిలింది 30,000. ఊళ్లో చెప్పుకున్నది మాత్రం 5,50,000.

ఇంకో చిన్న కూడిక. స్పాన్సర్లు, విజ్ఞప్తి లేకుండా టికెట్లతోనే ఖర్చు గట్టెక్కాలంటే ఎన్ని అమ్మాలి? జీతాలు పక్కన పెట్టినా, మనుషుల సంఖ్యతో మారని హాలు, ప్రచారం ఖర్చులకు ఫ్రీ పాసుల భోజనాన్ని కలిపితే 1,80,000. ఒక్కో టికెట్ మీద మిగిలేది 550. భాగిస్తే 328 టికెట్లు. హాల్లో పట్టేది 230 మందైతే, టికెట్లతో ఆ ఖర్చు ఎప్పటికీ తీరదు. అందుకే నేను పట్టుబట్టే నియమం ఇది: హాలుకు అడ్వాన్స్ ఇచ్చేలోపు, ఆ 1,80,000కు సరిపడా స్పాన్సర్ల హామీ రాతపూర్వకంగా చేతిలో ఉండాలి. నోటిమాట లెక్కలోకి రాదు. 2020లో మహమ్మారి వల్ల ప్రపంచమంతా ఈవెంట్లు ఆగిపోయినప్పుడు, ఏడాది ఆదాయాన్ని ఒక్క రోజుకు ముడిపెట్టుకున్న సంస్థలు ఎలా విలవిల్లాడాయో గుర్తుందిగా.

అయితే ఈవెంట్లు దండగేనా? కాదు. కొత్త మనుషులు పరిచయమైతే ఈ 30,000 కూడా మంచి బేరమే. కానీ "పేరొచ్చింది" అనే మాటను అంకెలోకి మార్చాలి. వచ్చినవాళ్లలో మీ జాబితాలో లేనివాళ్లు ఎంతమంది? ఏడాది తిరిగేలోపు వాళ్లలో ఎంతమంది మళ్లీ ఇచ్చారు? పరుగులు, నడకలలో ఇది మరీ ముఖ్యం. అక్కడ పాల్గొన్న మనిషి కోసం స్నేహితులు డబ్బిస్తారు, సంస్థ పేరు కూడా వాళ్లకు గుర్తుండకపోవచ్చు. వారంలోపు వాళ్లకు థాంక్స్ చెప్పి, మీ పనేమిటో వివరించే మనిషి లేకపోతే ఆ పేర్లు కాగితం మీదే ఉండిపోతాయి. ఈ పని ఎవరిదో ముందే తేల్చుకోలేకపోతే ఈవెంట్ పెట్టుకోకండి.

అలాగే దాతలకు కృతజ్ఞతలు చెప్పడానికో, వాలంటీర్లను ఒకచోట చేర్చడానికో పెట్టే సభను నిధుల సేకరణ అనకండి. దానికి వేరే బడ్జెట్ పెట్టి చిన్నగా చేసుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం: మీ సంస్థ చేసిన చివరి ఈవెంట్‌ను తీసుకుని పై పద్ధతిలో లెక్క కట్టండి. సిబ్బంది గంటలు ఎవరూ రాసిపెట్టి ఉండరు, వాళ్లనే అడిగి అంచనా వేయండి. పాత దాతల డబ్బు తీసేసేటప్పుడు మీ జాబితా చూడండి, జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. చివరికి మిగిలిన అంకెను మొత్తం గంటలతో భాగించండి. అప్పుడు గంటకు ఎంత వచ్చిందో తెలుస్తుంది. ఆ కాగితం దాచి ఉంచండి. ఐదో పాఠంలో దాతను నేరుగా కలిసి అడిగే పద్ధతికి కూడా ఇదే లెక్క కట్టి, రెంటినీ పక్కపక్కన పెడతాం.