గుర్రం మేత ముట్టలేదంటే: లక్షణం, కారణం, మనం చేయాల్సింది

అనంతపురం చుట్టుపక్కల గుర్రాలు పెంచేవాళ్లం కొద్దిమందిమే. పెళ్లి ఊరేగింపులకు పంపేవాళ్లు కొందరు, తాతల నాటి జట్కా పోయినా గుర్రం మీద మమకారం పోనివాళ్లు కొందరు, పిల్లలకు స్వారీ నేర్పిద్దామని ఈ మధ్యే కొన్నవాళ్లు కొందరు. ఆవుకు జబ్బు చేస్తే ఊళ్లో పదిమంది పది మందులు చెబుతారు. గుర్రానికి చేసినా ఆ పదిమందీ ఆవు వైద్యమే చెబుతారు. గుర్రం కడుపు ఆవు కడుపు లాంటిది కాదు. అది నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు. ఈ తేడా తెలియక బతకాల్సిన గుర్రాలు పోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు బాగున్న రోజు లెక్క

మీ గుర్రం బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియకపోతే, బాగాలేనప్పుడు ఏం తేడా వచ్చిందో చెప్పలేరు. నేను ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎండ ఎక్కకముందు, గుర్రం నింపాదిగా నిలబడి ఉన్నప్పుడు నాలుగు సంగతులు చూసి రాస్తాను. పెద్ద గుర్రానికి ఒంటి వేడి 99.5 నుంచి 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు. నాలుగోది లద్దె: ఎన్నిసార్లు వేసింది, గట్టిగా ఉందా, మెత్తగా ఉందా.

థర్మామీటరుకు దారం కట్టి, ఆ దారాన్ని తోకకు క్లిప్పుతో పట్టించి, మలద్వారంలో పెట్టాలి. మనం పక్కన నిలబడాలి, వెనక కాదు. గుండె కోసం గుర్రం ఎడమ ముందుకాలి మోచేయి వెనక స్టెతస్కోపు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. డొక్కకు చెవి ఆనిస్తే రెండు పక్కలా గుడగుడమని వినిపించాలి. మొదటి వారం అరగంట పడుతుంది, తర్వాత ఐదు నిమిషాల పని.

మేత వదిలేసింది, నేల తవ్వుతోంది, డొక్క వైపు తిరిగి చూస్తోంది

ఇది కడుపునొప్పి. ముందుకాలితో నేల గీరడం, పై పెదవి పైకి ముడవడం, పడుకుని లేవడం, పొర్లడం, లద్దె వేయకపోవడం దీని గుర్తులు. గుర్రాలు ఎక్కువగా పోయేది దీంతోనే. కారణాలు చాలా ఉన్నాయి. గాలి చేరడం, నీళ్లు తక్కువై మేత పేగులో గట్టిపడటం, పురుగులు, పేగు మెలిపడటం. వీటిలో ఏదో కనిపెట్టడం మన వల్ల కాదు. మన పని డాక్టరు వచ్చేదాకా గుర్రాన్ని పాడుచేయకుండా చూడటం.

మేత, దాణా మొత్తం తీసేయండి. నీళ్లు ఉంచండి. గుండె లెక్కపెట్టండి. 60 దాటితే పరిస్థితి బాగా ముదిరిందని అర్థం, ఒక్క నిమిషం కూడా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. పొర్లకుండా మెల్లగా నడిపించవచ్చు, కానీ గంటల తరబడి తిప్పి అలసిపోయేలా చేయకూడదు, పరిగెత్తించనే కూడదు.

చేయకూడని పని ఇంకొకటి ఉంది. ఎద్దులకు పట్టినట్టు వెదురు గొట్టంతోనో సీసాతోనో నోట్లో నూనె పోయకండి. తల ఎత్తి పట్టి నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కడుపునొప్పి తగ్గినా నిమోనియాతో గుర్రం చనిపోతుంది. నూనె పట్టాల్సివస్తే డాక్టరే ముక్కులోంచి కడుపులోకి పైపు వేసి పడతారు. మా నాయన కాలంలో ఒక గుర్రం ఇలాగే పోయింది. అది కడుపునొప్పితో పోయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాం. నొప్పి తగ్గిన మూడోరోజు దగ్గుతూ, ముక్కులోంచి నురగతో పోయింది. అది నూనె వల్లేనని నాకు చదువుకున్న తర్వాతే తెలిసింది.

నొప్పి తగ్గుతోంది, నెలకోసారి మళ్లీ వస్తోంది

మన జిల్లాల్లో దీని వెనక ఇసుక ఉందేమో చూడాలి. మనకు పచ్చిగడ్డి తక్కువ. శెనక్కాయ పీకిన తర్వాత మిగిలే కట్టెనే వామి వేసుకుని ఏడాదంతా మేపుతాం. పశువులకు అది బంగారం లాంటి మేత. కానీ వేళ్లతో సహా పీకింది కాబట్టి ఒక్కో కట్టకు పిడికెడు ఎర్రమన్ను అంటుకునే ఉంటుంది. దానికితోడు గుర్రానికి నేల మీదే మేత వేస్తాం. రాలిన ఆకు కోసం అది పెదవులతో నేలంతా వెతుకుతుంది. ఆ మన్నూ ఇసుకా పేగు అడుగున పేరుకుని, బరువెక్కి, ఒకరోజు దారి మూసేస్తాయి.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. అప్పుడే వేసిన లద్దెలో నేలకు తగలని ఐదారు ఉండలు తీసుకుని, గాజు సీసాలో నీళ్లు పోసి బాగా కలిపి, ఇరవై నిమిషాలు కదిలించకుండా పెట్టండి. మేత పీచు పైకి తేలుతుంది. ఇసుక ఉంటే అడుగున చేరుతుంది. మొదటిసారి చేసినప్పుడు సీసా వంచితే అడుగున ఎర్రటి పొర చెంచాడు మందాన జారింది. వేలితో నలిపితే గరగరలాడింది. మా చేని మన్నే అది. అయితే సీసాలో ఇసుక కనిపించకపోతే కడుపులో లేదని ధీమాగా ఉండకూడదు. పేగులోనే ఉండిపోయి లద్దెతో రాకపోవచ్చు.

పరిష్కారం మేత దగ్గరే మొదలవుతుంది. శెనక్కాయ కట్టెను బండ మీద నాలుగు దెబ్బలు కొట్టి, వేరు భాగం కత్తిరించి, తొట్టిలో వేయండి. తొట్టి కింద పాత రబ్బరు పట్టానో సిమెంటు గచ్చో ఉండాలి. సగం మేత జొన్న సొప్పకు మార్చండి. ఇసబ్గోల్ పొట్టు పేగులోని ఇసుకను కదిలిస్తుంది. కానీ మోతాదు గుర్రం బరువును బట్టి ఉంటుంది, డాక్టరును అడిగే పెట్టండి. వానకు తడిసి బూజు పట్టిన కట్టె, బూజు పట్టిన శెనక్కాయ చెక్క ఎంత ఆకలిగా ఉన్నా పెట్టవద్దు. ఆ బూజులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది.

మేత సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు. ఆముదం గింజ, ఆముదం పిండి గుర్రానికి ప్రాణాంతకం. చేలో ఎరువుగా వేసే పిండి మూటలు గుర్రం ఉండే చోట పెట్టకండి. కోళ్ల దాణా కూడా అంతే. కొన్ని కోళ్ల దాణాల్లో, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మందు గుర్రం గుండెను ఆపేస్తుంది.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు ముందుకాళ్లు ముందుకు చాచి వెనక్కి వాలి నిలబడింది

దీన్ని చాలామంది వాతం అనుకుని నడిపిస్తారు. ముందు గిట్టలు పట్టుకు చూడండి, వేడిగా ఉంటాయి. గిట్టకు పైన, వెనక పక్క వేలు పెడితే నాడి టకటకా కొట్టుకుంటూ తెలుస్తుంది. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచాయని అర్థం. పెళ్లింట్లో అందరూ ప్రేమగా లడ్డూలు, బెల్లం, అన్నం పెట్టి ఉంటారు. లేదా రాత్రి తాడు తెంచుకుని దాణా మూట ఖాళీ చేసి ఉంటుంది. పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే పేగులో చెడి, ఆ దెబ్బ కాళ్లకు తగులుతుంది.

నడిపించకండి. దాణా ఆపేయండి. కాళ్ల కింద ఇసుక మందంగా, మెత్తగా పరచండి. మొదటి రెండు మూడు రోజులు గిట్టలు, పైన కీలు దాకా ఐస్ నీళ్లలో ఉంచాలి. జ్యూస్ అంగళ్లకు ఐస్ దిమ్మలు ఎక్కడి నుంచి వస్తాయో కనుక్కుని పెట్టుకోండి, రాత్రిపూట పనికొస్తుంది. డాక్టరును అదే రోజు పిలవాలి. రెండు రోజులు ఆగితే లోపలి ఎముక తిరిగిపోయి గుర్రం జీవితాంతం కుంటుతుంది.

ఒక్క కాలే, ఉన్నట్టుండి నేలకు ఆనించనంతగా కుంటితే అది వేరు. గిట్టలో చీము పట్టి ఉంటుంది, లేదా కొత్త లాడం కొట్టినప్పుడు మేకు పచ్చి భాగానికి తగిలి ఉంటుంది. లాడం విప్పించి, డాక్టరు చేత చీము తీయించి, కట్టు కట్టించి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో చూసుకోండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది. గిట్ట అడుగున మెత్తటి భాగం నల్లబడి కంపు కొడితే చెమ్మ వల్ల కుళ్లిందన్నమాట. రోజూ గిట్ట గీకి శుభ్రం చేయడం, కాళ్ల కింద పొడిగా ఉంచడం, అంతే. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. మన దగ్గర లాడాలు కొట్టేవాళ్లు తగ్గిపోయారు. ఎద్దులకు కొట్టే మనిషికి గుర్రం పని తెలుసో లేదో అడగకుండా కాలు అప్పగించకండి.

బాగానే తింటోంది, అయినా చిక్కిపోతోంది

వానలు పడ్డాక జోరీగలు లేచే కాలంలో ఇలా కనిపిస్తే సుర్రా అయి ఉండవచ్చు. రక్తంలో చేరే ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. 1880లో పంజాబులో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు దాన్ని మొదటిసారి రక్తంలో చూశాడు. జోరీగ ఒక జంతువును కుట్టి ఇంకోదాన్ని కుట్టినప్పుడు అంటుకుంటుంది. జ్వరం రెండు రోజులు ఉండి పోతుంది, మళ్లీ వస్తుంది. పొట్ట కింద, కాళ్లలో వాపు దిగుతుంది. చిగుళ్లు పాలిపోతాయి.

ఇక్కడ నోట్‌బుక్ విలువ తెలుస్తుంది. డాక్టరు వచ్చిన రోజు జ్వరం లేకపోతే రక్తపరీక్షలో పురుగు కనిపించకపోవచ్చు. నోట్‌బుక్‌లో 103, 100, 100, 104 అని వరస ఉంటే ఆయనకు వెంటనే అనుమానం వస్తుంది. జ్వరం ఉన్న రోజే రక్తం తీస్తారు. దీనికి మందు ఉంది, కానీ బరువు లెక్కతో డాక్టరే వేయాలి. హర్యానాలోని హిసార్‌లో అశ్వాల మీదే పనిచేసే జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. రక్తం నమూనా అక్కడికి పంపించే వీలుందేమో డాక్టరును అడగండి.

ముక్కులోంచి చిక్కటి చీము, కాళ్ల మీద వరసగా గడ్డలు పుండ్లు కనిపిస్తే మాత్రం చేతులతో ముట్టుకోవద్దు. అది గ్లాండర్స్ కావచ్చు, మనుషులకూ వస్తుంది. గుర్రాన్ని వేరుగా కట్టి ప్రభుత్వ పశువైద్యశాలకు చెప్పండి. జంతువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం చెప్పితీరాలి. దాచిపెడితే మన ఇంట్లో పిల్లలకే ముప్పు.

మే నెల ఊరేగింపులో రొప్పుతూ తూలింది

వడదెబ్బ. వేడెక్కిన ఒంటి మీద చన్నీళ్లు పోస్తే కండరాలు బిగుసుకుంటాయని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు గుర్రాల మీద జరిగిన పరిశోధనల్లో చన్నీళ్లతో హాని లేదని తేలింది. జీను విప్పి, నీడకు తెచ్చి, ఒళ్లంతా ఆపకుండా నీళ్లు పోస్తూనే ఉండండి. తాగడానికి నీళ్లు ఇవ్వండి. వేడి 104 దాటి ఉన్నా, చెమట పట్టాల్సిన ఒళ్లు పొడిగా ఉన్నా డాక్టరును పిలవాలి.

పుస్తకంలో ఉన్నట్టే చేశాను, అయినా కుదరలేదు

ఇది గుర్రం జబ్బు కాదు, చదువుకున్న మనబోటివాళ్ల సమస్య. గుర్రాల మీద దొరికే మంచి పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో, చలిదేశాల వాళ్లు రాసినవే. అందులో గుర్రం 500 కిలోలు, మేత పచ్చిక, దాణా ఓట్స్. మన దగ్గర గుర్రం 300 కిలోలు ఉంటే గొప్ప. పుస్తకంలో మోతాదు అలాగే వేస్తే మందు ఎక్కువైపోతుంది.

అందుకే మొదట బరువు తెలుసుకోండి. టైలరు టేపుతో ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టు కొలత తీయండి. భుజం ముందు ఎముక నుంచి పిర్ర వెనక ఎముక దాకా పొడవు తీయండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. మా గుర్రం చంద్రి చుట్టుకొలత 160 సెంటీమీటర్లు, పొడవు 140. లెక్క కడితే సుమారు 302 కిలోలు. అప్పటిదాకా కంటి అంచనాతో నేను 400 అనుకుని కడుపులో పురుగులు పోయే మందు వేస్తున్నాను.

ఆ బరువు మీద మిగతావన్నీ తేలుతాయి. ఎండుమేత రోజుకు బరువులో కనీసం నూటికి ఒకటిన్నర వంతు, అంటే 300 కిలోల గుర్రానికి నాలుగున్నర కిలోలు. దాణా ఒక పూటకు కిలోన్నర దాటకూడదు. ఓట్స్ కోసం బెంగుళూరు పోనక్కర్లేదు, రాత్రి నానబెట్టి ఉడికించిన ఉలవలు మన గుర్రాలకు తరాలుగా అలవాటైన దాణా. ఓట్స్‌కు బదులు ఎంత పెట్టాలో డాక్టరుతో లెక్క కట్టించుకోండి. ఏ మేతైనా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. పుస్తకంలో ఏదైనా చదివినప్పుడు అది ఏ బరువు గుర్రానికి, ఏ మేత తినేదానికి, ఏ వాతావరణంలో చెప్పారో పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. అనుమానం వస్తే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల మనకు దగ్గరే. చదివిన పేజీ తీసుకెళ్లి అడగండి.

డాక్టరు ఫోన్ ఎత్తారు, ఏం చెప్పాలో నోరు పెగల్లేదు

రాత్రి రెండింటికి టెన్షన్‌లో ఎవరికైనా ఇంతే. "సార్, గుర్రం బాగాలేదు, తొందరగా రండి" అంటాం, ఆయనకేమీ తెలియదు. నోట్‌బుక్ చివరి పేజీలో ఈ వరస రాసి పెట్టుకుని, ఖాళీలు నింపి చదివేయండి. పశువుల అంబులెన్సు 1962కు చేసినా ఇదే చదవండి.

"సార్, ఆడగుర్రం, పన్నెండేళ్లు, 302 కిలోలు. సాయంత్రం ఆరింటి నుంచి మేత ముట్టలేదు. ఒంటి వేడి 100. గుండె 52, మామూలుగా 36. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. కుడి డొక్కలో శబ్దం లేదు. లద్దె మధ్యాహ్నం ఒకసారి వేసింది, గట్టిగా ఉంది. మందేమీ వేయలేదు, నోట్లో ఏమీ పోయలేదు. మేత తీసేశాను. లైటు వేసి గేటు దగ్గర నిలబడతాను సార్."